ఎఫ్రేం పాదిరీ: చెన్నపట్నపు కోటలో ఒక చర్చి కథ

జగిత్యాల కోటను చూచినవారు దాని నిర్మాణమును చూచి ఆశ్చర్యపడక మానరు. మన తెలుగునాట కొండకోటలు పెక్కు కలవు; ఇది మాత్రము నక్షత్రాకారమున, చుట్టును అగడ్తతో, ఐరోపా దేశపు కోటలను తలపించుచు సమతలమున నిలిచియున్నది. పదునెనిమిదవ శతాబ్దిలో ఫ్రెంచి ఇంజనీర్లు దీనికి రూపము కల్పించిరని ఆ ఊరివారందరును ఎరిగినదే. అంతకు నూరేండ్లకు పూర్వము మరియొక ఫ్రెంచివాడు మన గోలకొండ రాజ్యములోనికి వచ్చెను. అతనివెంట ఫిరంగులు లేవు, కోటల నకాసులు లేవు. ముతక కంబళి అంగీ, నడుమునకు త్రాడు, చేత జపమాల, నోట నాలుగైదు భాషలు: ఇవియే అతని సామగ్రి. అతని పేరు ఎఫ్రేం. ఫ్రాన్సు దేశమున లువార్ నదీతీరమందలి నెవేర్ పట్టణపు పేరు అతని పేరునకు చేరి, చరిత్రలో అతడు ఎఫ్రేం ద నెవేర్ అని ప్రసిద్ధుడయ్యెను.

అతని జీవితమును చెప్పుట యనగా చెన్నపట్నపు రేవుకోటలో మొలచిన ఒక కథోలిక దేవాలయపు చరిత్రను చెప్పుటయే. ఆ కథకును గోలకొండకును గాఢమైన సంబంధము కలదు. ఆ కాలమున నేటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములన్నియు యెలగందుల కోట నీడన గోలకొండ సుల్తానులకు పన్ను కట్టుచుండెడివి. దూరాననున్న ఆ సముద్రతీరపు చర్చిని నిర్మించినవాని ప్రాణమునకు అపాయము వచ్చినపుడు అడ్డుపడిన రాజులలో మన గోలకొండ సుల్తాను ఒకడు. ఇది మనవారు తరచుగా చెప్పుకొనని విషయము.

ఎఫ్రేం కపూచిన్ సన్న్యాసి. అసీసీ పురవాసియైన ఫ్రాన్సిస్ మహాశయుని అడుగుజాడలలో దారిద్ర్యమును వ్రతముగా గైకొన్న శాఖ యది. ఆనాడు తూర్పుదేశములలో కథోలిక మతవ్యవహారము లన్నింటిపైనను తమకే అధికారము కలదని పోర్చుగీసువారు వాదించుచుండిరి. పూర్వము పోపులు పోర్చుగలు రాజునకు ఇచ్చిన హక్కులే ఆ వాదమునకు ఆధారము. చర్చి కట్టవలెనన్నను, బిషప్పును నియమింపవలెనన్నను ఆ రాజు సమ్మతి కావలసియుండెను. ఈ కట్టుబాటు మతప్రచారమునకు సంకెల యగుచున్నదని గ్రహించి రోములోని పోపు 1622లో మతప్రచారమునకై ప్రత్యేకమైన సంఘమును స్థాపించెను. ఆ సంఘము నేరుగా పంపిన ఫ్రెంచి, ఇటలీ సన్న్యాసులు తూర్పుదేశములకు బయలుదేరిరి. పోర్చుగీసువారి దృష్టిలో వారు ఒకే మతమువారైనను అనుమతి లేక ఇంటిలోనికి వచ్చిన అతిథులు. ఎఫ్రేం జీవితమున జరిగిన ప్రధానసంఘటనకు బీజ మిందే యున్నది.

అతడు పశ్చిమాసియా మీదుగా సూరతునకు వచ్చి, అచటినుండి బర్మాలోని పెగూ దేశమునకు పోవుటకై బయలుదేరెను. పెగూకు ఓడలు మచిలీబందరు రేవునుండి పోవుచుండెను. మచిలీబందరునకు త్రోవ గోలకొండ మీదుగా. ఈ విధముగా ఆ సన్న్యాసి భాగ్యనగరమున అడుగుపెట్టెను. అపుడు సింహాసనమున నున్నవాడు అబ్దుల్లా కుతుబ్ షా. వజ్రముల వర్తకుడై ఈ దేశమునకు పలుమారులు వచ్చిన టావెర్నియే అను ఫ్రెంచి యాత్రికుడు ఎఫ్రేముతో స్నేహము కలవాడు. తన యాత్రాగ్రంథమున అతని కథను విపులముగా వ్రాసియుంచెను.

టావెర్నియే చెప్పినదానినిబట్టి సుల్తాను అల్లుడైన ఒక షేకు ఈ పాదిరీని చూచి మిక్కిలి ముచ్చటపడెను. ఎఫ్రేమునకు అరబ్బీ భాష వచ్చును. గణితమున మంచి పాండిత్యము కలదు. ఆ షేకునకు ఈ రెండును ప్రియమైనవి. భాగ్యనగరముననే ఉండిపొమ్మనియు, తన సొంత ఖర్చుతో ఇల్లును చర్చిని కట్టించి ఇచ్చెదననియు అతడు కోరెను. వర్తకమునకు వచ్చెడి పోర్చుగీసువారు, ఆర్మీనియనులు పలువురు నగరమున నుందురు గనుక సేవకు కొదవ యుండదనియు నచ్చజెప్పెను. మహమ్మదీయ ప్రభువు క్రైస్తవ సన్న్యాసికి గుడి కట్టించెదననుట! కాని తనను పంపినవారి ఆజ్ఞ పెగూకు గనుక ఎఫ్రేం సమ్మతింపలేదు. అపుడు ఆ ప్రభువు అతనికి ఖిలాతు నిచ్చి గౌరవించెను. కాలినడకను వచ్చినవాడు కాలినడకనే పోరాదని ఎక్కిపోవుటకు ఒక ఎద్దును, వెంట ఇరువురు మనుష్యులను ఏర్పరచెను. ముప్పది వరహాలు ఇవ్వబోగా సన్న్యాసి ముట్టుకొనలేదు. మచిలీబందరు చేరిన తరువాత ఎద్దును వరహాలను అతనికడనే విడిచి రావలెనని, లేనిచో తలలు దక్కవని షేకు ఆ మనుష్యులకు రహస్యముగా ఆజ్ఞాపించెనట. వారు ఆ ఆజ్ఞను తు.చ. తప్పక నెరవేర్చిరి.

మచిలీబందరులో పెగూకు పోవు ఓడ దొరకలేదు. దొరికియుండినచో మన కథ ఇచటనే ముగిసియుండెడిది. ఓడకై వేచియున్న అతనిని ఆంగ్లేయ వర్తకులు చూచి దక్షిణమున తాము క్రొత్తగా కట్టుచున్న కోటకు రమ్మని పిలిచిరి.

ఆ కోట కథ తెలుగువారిదే. ఆంగ్లేయులు 1611 నుండి మచిలీబందరులో వర్తకము చేయుచుండిరి. సిరిసిల్ల మగ్గముల చప్పుడు వినినవారికి బట్టకై దేశములు దాటివచ్చుట వింతగా తోచదు. తీరమున చౌకగా నాణెమైన బట్ట దొరకు చోటికై వెదకుచు ఫ్రాన్సిస్ డే యను వర్తకుడు 1639లో చంద్రగిరి రాజునకు లోబడిన నాయకుడగు దామెర్ల వేంకటాద్రి నుండి సముద్రపుటొడ్డున కొంత ఇసుకనేల పొందెను. ఆ నాయకుని తండ్రి చెన్నప్ప పేరు మీదనే ఆ స్థలమునకు చెన్నపట్నమను పేరు కలిగెను. 1640లో డే, అతని పైయధికారి ఆండ్రూ కోగన్ వచ్చి కోట పని మొదలిడిరి. కోటకు ఐదారు కిలోమీటర్ల దూరమున పోర్చుగీసువారి సంతోమే నగరము. ఏసుక్రీస్తు శిష్యుడగు తోమా సమాధి యున్నదని ప్రఖ్యాతి చెందిన ఆ మైలాపూరు పట్టణము 1606 నుండి బిషప్పు పీఠము.

ఆంగ్లేయులకు వచ్చిన చిక్కు మతసంబంధమైనది కాదు, జనసంబంధమైనది. క్రొత్త కోటను కాపాడుటకును, ఊరు నిండుటకును మనుష్యులు కావలెను. సంతోమేలోని పోర్చుగీసువారును, వారి సంతతివారును రాసాగిరి. వారు కథోలికులు. వారమునకొకమారు ప్రార్థనకు సంతోమేకు పోయినచో అచటి గురువుల మాటకు లోబడియుందురు. ఏనాటికైనను వెనుకకు మరలవచ్చును. కోటలోనే ఒక గురువున్నచో ఆ బాధ తీరును. ఆ గురువు పోర్చుగీసువాడు కాకున్నచో మరియు మేలు. ప్రొటెస్టెంటులైన ఆంగ్లేయులు కథోలిక సన్న్యాసిని చేయిపట్టి ఆపుటకు కారణ మిదియే. 1642లో ఎఫ్రేం చెన్నపట్నము చేరెను. కోటలో అతనికి స్థలమిచ్చిరి. అందు ఆంద్రెయ మహాశయుని పేర ఒక చిన్న చర్చి వెలసెను. పెగూకు బయలుదేరినవాడు అర్ధశతాబ్దికి పైగా చెన్నపట్నముననే నిలిచిపోయెను.

చర్చి అనగా అతనికి పూజాస్థానము మాత్రమే కాదు. దానిని అంటుకొని ఒక బడి కూడ నడచెను. పోర్చుగీసు పిల్లలును, కోట సిపాయిల పిల్లలును, ఊరి క్రైస్తవుల బిడ్డలును అతని యొద్ద అక్షరములు దిద్దిరి. 1670వ దశకము చివర కంపెనీవారు తమ సొంత ఉపాధ్యాయుని పంపువరకు ఆంగ్లేయుల పిల్లలకును ఆ బడియే దిక్కు. చెన్నపట్నమున ఐరోపా పద్ధతి విద్యకు ఇదియే మొదలు. పోర్చుగీసువారికి పోర్చుగీసున, ఆంగ్లేయులకు ఇంగ్లీషున అతడు ప్రసంగించుచుండెను. క్రొత్తగా వెలసిన ఆ పట్టణమున తెలుగు బేరివర్తకులు, అరవ నేతగాండ్రు, పోర్చుగీసు సంకరజాతివారు, ఆంగ్ల గుమాస్తాలు కలిసి బ్రతుకుచుండిరి. అదే కాలమున బేరి తిమ్మన్న యను తెలుగు వర్తకుడు చెన్నకేశవస్వామి ఆలయమునకు పోషకుడయ్యెను. ఒకే పట్టణమున ఒకే దశకమున చర్చియు కోవెలయు లేచినవి.

1646, 1647 సంవత్సరములలో తీరమంతయు కరవుతో తల్లడిల్లెను. ఆ సమయముననే గోలకొండ సైన్యములు మీర్ జుమ్లా నాయకత్వమున కర్ణాటక దేశమును జయించుచు చంద్రగిరి రాజ్యమును రూపుమాపినవి. చెన్నపట్నపు ఆంగ్లేయులకు దామెర్లవారికి మారుగా గోలకొండ సుల్తాను ప్రభువయ్యెను.

ఎఫ్రేం కీర్తి పెరిగినకొలది సంతోమేలో అసూయ పెరిగెను. జనము అటనుండి ఇటకు తరలుచుండిరి. పోర్చుగలు రాజు అనుమతి లేని చర్చి, మతద్రోహులని తాము భావించెడి ఆంగ్లేయుల నీడన దినదినము వృద్ధిచెందుచుండెను. దీనిని సహింపలేనివారు మతవిచారణ న్యాయస్థానమును ఆశ్రయించిరి. 1560లో గోవాయందు నెలకొన్న ఆ ఇంక్విజిషను పేరు విన్నచో కథోలికులకే గుండె జల్లుమనెడిది. నిందించినదెవరో నిందితునకు చెప్పరు. నేరమేదియో చాలకాలము వరకు తెలుపరు.

1649లో ఎఫ్రేం వారి చేత చిక్కెను. చిక్కిన విధము తలచిన కొలది మనసు చివుక్కుమనును. టావెర్నియే కథనమును బట్టి ఆంగ్లేయులకును సంతోమే పోర్చుగీసువారికిని నడుమ ఒక జగడము పుట్టి పెద్దదయ్యెను. రెండు పక్షముల వర్తకులును నష్టపడి సంధికై ఎఫ్రేమును మధ్యవర్తిగా కోరిరి. ఇరువురకును నమ్మకమైనవాడు అతడొక్కడే. అతడు సమ్మతించి సంతోమేలో కాలిడగానే ఇంక్విజిషను భటులు చుట్టుముట్టి పట్టుకొని, ఓడకెక్కించి గోవాకు పంపివేసిరి. శాంతి కోరి పోయినవానికి చెర దొరికెను.

చెరసాలలో అతనిని మాల్టా ద్వీపవాసియగు ఒక ఖైదీతో కలిపి యుంచిరి. వాడు మాటకొక దైవదూషణ చేయుచు, పగలంతయు రాత్రి కొంత భాగమును పొగాకు త్రాగుచుండెడివాడు. ఆ గది గాలియే సన్న్యాసికి శిక్షయై యుండును. ఐనను తరువాతి కాలమున మిత్రులతో చెప్పుకొన్న మాటలలో అతడు ఎక్కువగా బాధపడినది దానికి కాదు. తనను విచారించిన అధికారులలో ఒక్కడును పవిత్రగ్రంథమును శ్రద్ధతో చదివినవాడు కాడనిపించుటయే తనకు పెద్ద యాతన యయ్యెనని అతడు చెప్పెనట. విద్వాంసుడు అజ్ఞానుల యెదుట దోషివలె నిలుచుట కంటె కఠినమైన శిక్ష మరియొకటి యున్నదా?

అతని విడుదలకు జరిగిన ప్రయత్నములు విచిత్రమైనవి. సూరతులోని సహోదర సన్న్యాసి జెనోన్ ద బోజే ఉగ్రస్వభావుడు. వినయముతో పని జరుగదని తలచి, చెన్నపట్నమునకు వచ్చి, కోటలోని కొందరు మనుష్యుల సాయముతో సంతోమేలోని ఒక ప్రముఖుని పట్టితెచ్చి నిర్బంధించెను. సన్న్యాసులు చేయదగిన పనియా యని ప్రశ్నింపవచ్చును. ఆనాటి ఆగ్రహము అట్టిది. ఐరోపాకు వార్త పోయెను. రాజులకు, పోపునకు విన్నపములు వెళ్ళినవి. అన్నిటికంటె దగ్గరి నుండి వచ్చిన ఒత్తిడి గోలకొండది. ఒకప్పుడు తన నగరమున ఆదరింపబడిన పాదిరీకి కలిగిన ఆపద సుల్తాను చెవినబడెను. అపుడు కర్ణాటకమున దండయాత్రలో నున్న మీర్ జుమ్లాకు ఆజ్ఞ వెడలినది: నిర్ణీతకాలములో పాదిరీని విడిపించెదమని సంతోమేవారు మాట ఈయకున్నచో ఆ నగరమును ముట్టడించి నాశనము చేయవలెనని. ఈ వృత్తాంతము టావెర్నియే వ్రాసినదే. రాజనీతిలో ఇతర ప్రయోజనములును సుల్తానునకు ఉండియుండవచ్చును. ఐనను క్రైస్తవ న్యాయస్థానము బంధించిన క్రైస్తవ సన్న్యాసికై మహమ్మదీయ రాజు కత్తి దూయుటకు సిద్ధపడెనన్నది మరువరాని ముచ్చట.

విడుదలకు ఆజ్ఞ వచ్చిన తరువాత మరియొక చిక్కు వచ్చెను. ఈమారు చిక్కు తెచ్చినవాడు ఎఫ్రేమే. గుట్టుచప్పుడు కాకుండ వెడలిపొమ్మనగా అతడు వెడలలేదు. నిరపరాధిని పట్టపగలు పంపవలెను గాని చాటుగా కాదనుట అతని పట్టుదల. గోవాలోని గురువులు ఊరేగింపుగా వచ్చి తనను వెలుపలికి తోడ్కొని పోవువరకు అతడు చెరసాల గడప దాటలేదని టావెర్నియే చెప్పుచున్నాడు. కక్షకొద్ది చేసిన పని యిది కాదు. తన పరువు పోయినచో తాను కట్టిన చర్చి పరువును పోవునని అతడెరుగును. చెన్నపట్నమున అతని చేతిమీదుగా జ్ఞానస్నానము పొందిన బిడ్డలు, వివాహమాడిన దంపతులు కలరు. గురువు మతద్రోహి యన్నచో వారందరి గతి యేమి? ఆ ఊరేగింపు వారికొరకు.

సుమారు రెండేండ్లు బందీగా నుండి అతడు చెన్నపట్నమునకు తిరిగివచ్చెను. 1652లో టావెర్నియే ఆ పట్టణమునకు వచ్చినపుడు ఎఫ్రేం, జెనోన్ ఇరువురును చర్చిని చూచుకొనుచుండిరి. వారి ఆతిథ్యము పొందియే ఆ వజ్రవర్తకుడు గండికోటలో విడిసియున్న మీర్ జుమ్లాను చూడబోయెను.

తరువాతి నలువది యేండ్లును ప్రశాంతముగా గడచినవని చెప్పజాలము. కోటలోని ప్రొటెస్టెంటు గురువులు కథోలిక పాదిరీల పలుకుబడిని సహింపక లండనుకు ఫిర్యాదులు వ్రాసిరి. సిపాయిలు కథోలిక స్త్రీలను పెండ్లాడి, తమ బిడ్డలకు ఎఫ్రేం చేతనే జ్ఞానస్నానము చేయించుచుండిరని వారి బాధ. కంపెనీ అధికారులు కాగితముమీద కోపపడుచు, అవసరము కొలది మిన్నకుండుచు కాలము గడపిరి. 1662లో గోలకొండ సైన్యము సంతోమేను పోర్చుగీసువారి నుండి తీసికొనెను. తనను బంధించిన నగరమే పతనమగుట ఎఫ్రేం కన్నులార చూచెను. 1672లో ఫ్రెంచివారు ఆ నగరమును పట్టుకొనగా, గోలకొండవారు డచ్చివారితో కలిసి ముట్టడించి 1674లో వారిని వెడలగొట్టిరి. తనవారును, తనను కాపాడిన రాజ్యమును కత్తులు దూసికొని నిలువగా చూచుట అతనికి మరియొక పరీక్ష.

1675లో ఆంద్రెయ చర్చి క్రొత్తగా నిర్మింపబడెను. గవర్నరు లాంగ్‌హార్న్ కోట ఫిరంగులు పేల్పించి ఆ ఉత్సవమును గౌరవింపగా, కథోలిక గుడికి ఫిరంగుల మర్యాద యేమని లండనులోని డైరెక్టర్లు ఆక్షేపించిరి. 1680లో ఆంగ్లేయులు కోటలోనే తమ మరియమ్మ చర్చిని ప్రతిష్ఠించుకొనిరి. వారి గుడికంటె ముప్పది ఎనిమిదేండ్లు పెద్దదైన ఎఫ్రేం గుడి దానికి ఇరుగున నిలిచియుండెను. పదిహేడవ శతాబ్దపు చివరి దశకమున, పండువృద్ధుడై ఆ చర్చి నీడనే ఎఫ్రేం కన్నుమూసెను. మొగలు దర్బారు ముచ్చటలను వ్రాసిన మనూచీ యను వెనిసు దేశీయుడు అప్పటికి చెన్నపట్నమున స్థిరపడియుండెను. అతని గ్రంథమునను ఈ పాదిరీ చెర కథ చోటుచేసికొనినది.

గురువు పోయిన అర్ధశతాబ్దికి గుడి పోయినది. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నమును జయించిరి. సంధి ప్రకారము 1749లో పట్టణము మరల ఆంగ్లేయుల వశమాయెను. కథోలిక గురువులు ఫ్రెంచివారికి తోడ్పడిరను అనుమానముతో ఆంగ్లేయులు కోటలోని ఆంద్రెయ చర్చిని స్వాధీనపరచుకొని, పిదప నేలమట్టము చేసిరి. ఆంగ్లేయులు తామే చేయిపట్టి పిలిచి ఇచ్చిన స్థలము, తామే ఫిరంగులు పేల్చి గౌరవించిన గుడి! ఆ అనుమానము ఒక్క మతముతో ఆగలేదు. కోట చుట్టును మైదానముండవలెనని 1757లో చెన్నకేశవస్వామి పాత ఆలయమును సైతము పడగొట్టిరి. ఒకే దశకమున లేచిన చర్చియు కోవెలయు ఒకే దశకమున కూలినవి. కోవెల వేరొకచోట మరల లేచెను. కపూచిన్లును కోట వెలుపల, ఆర్మీనియన్ వీథిలో దేవదూతల రాణియగు మరియమ్మ పేర చర్చిని 1775లో కట్టుకొనిరి. 1886 నుండి అది మదరాసు ఆర్చిబిషప్పు పీఠమయ్యెను; 1952లో సంతోమేతో ఆ పీఠము కలిసిన పిమ్మట సహపీఠముగా నిలిచినది.

ఎఫ్రేమును పట్టి యిచ్చిన సంతోమేయును, ఎఫ్రేం నాటిన చర్చియును నేడు ఒకే ఆర్చిబిషప్పు క్రింద నుండుట కాలము చేసిన తీర్పు. అధికారమునకై పోరాడిన పోర్చుగలు రాజులు లేరు. ఇంక్విజిషను 1812లో రద్దయిపోయినది. కంపెనీయును, సుల్తానులును చరిత్రలో కలిసిపోయిరి.

ఎఫ్రేం జీవితమునుండి గ్రహింపవలసినది యేమి? అతని చర్చికి చోటిచ్చినవారు అతని మతశాఖను ద్వేషించినవారు; అతనిని చెరబెట్టినవారు అతని మతమువారు; విడిపించుటకు పూనుకొన్నవారిలో ముఖ్యుడు పరమతస్థుడు. మతములకును మంచితనమునకును గల సంబంధము మనము పైకి తలచునంత సూటియైనది కాదని ఈ ఒక్క జీవితమే చాటుచున్నది. ఆంగ్లేయులు స్వలాభమునకే పిలిచిరి, నిజమే. సుల్తానునకు రాజ్యకాంక్ష కలదు, నిజమే. ఐనను వారి స్వలాభముల నడుమ ఒక పేద సన్న్యాసి అందరకును నమ్మదగినవాడుగా నిలిచియుండుటచే ఆ గుడి నూరేండ్లు బ్రతికెను. ఆ నమ్మకము సడలిననాడు దానిని కోటగోడలు కాపాడలేదు. ఆ గోడలలోపలనే అది కూలెను.

నేడు ఆర్మీనియన్ వీథిలోని చర్చి 1775 నాటిది. దాని ద్వారముపై చెక్కిన సంవత్సరము మాత్రము 1642. కూలిన గుడి వయస్సును క్రొత్త గుడి తన వయస్సుగా చెప్పుకొనుచున్నది. మదరాసు పోవు మన తెలుగువారు హైకోర్టు వైపు నడచునపుడు ఒక క్షణమాగి ఆ అంకెలను చూడవలయును. పెగూకు పోవలసిన ఓడ తప్పిపోయి, గోలకొండ ఎద్దునెక్కి మచిలీబందరు చేరిన ఒక సన్న్యాసి చెన్నపట్నమునకు వచ్చిన సంవత్సరమది.